వెనక తలుపు గొళ్లెం పెట్టారా?

రాత్రి పడుకోబోయే ముందు మన ఆడవాళ్లందరికీ ఒక అలవాటుంటుంది. గ్యాస్ కట్టేశామా, పాలు తోడుపెట్టామా, వెనక తలుపు గొళ్లెం వేశామా అని ఒకసారి ఇల్లంతా చుట్టి వస్తాం. మంచమెక్కాక అనుమానం వస్తే మళ్లీ లేచి చూసి వస్తాం. "ఎన్నిసార్లు చూస్తవే!" అని మావారు విసుక్కోని రోజు లేదు. ఇంత జాగ్రత్త గల నాకు కంప్యూటర్‌కు కూడా ఒక వెనక తలుపు ఉంటుందని, దాని గొళ్లెం ఎవరూ చూడకపోతే ఊరూ పేరూ తెలియని దొంగ లోపలికొస్తాడని తెలిసేసరికి నాలుగు కథలు పోయాయి.

2017 మే నెల సంగతి ఇది. మాది తుంగతుర్తి. అప్పటికి అక్కడా ఇక్కడా అచ్చయినవి ఏడు, అచ్చు కానివి నాలుగు, మొత్తం పదకొండు కథలతో చిన్న పుస్తకం వేయాలని నాకు ఆశ పుట్టింది. వంటింటి డబ్బాల్లో దాచిన డబ్బులు లెక్కపెట్టుకుని, సూర్యాపేటలో ఒక డీటీపీ షాపులో టైపుకిచ్చాను. అచ్చయిన కథలకు పత్రికల కటింగులు నా దగ్గరే ఉన్నాయి. అచ్చు కాని నాలుగింటికి మాత్రం నా చేతిరాత కాగితాలే ఆధారం. నేనిచ్చింది ఆ కాగితాలే. టైపు అయిపోయాక వాటిని ఎవరు దాస్తారు? ఏ పెళ్లి కార్డు ప్రూఫుకు వెనకవైపు పనికొచ్చాయో!

ప్రూఫులు తీసుకుందామని సోమవారం పొద్దున బస్సెక్కి వెళ్లాను. మే 15. పెళ్లిళ్ల రోజులు. షాపు ముందు ఒక పెద్దాయన శుభలేఖల కోసం నిలబడి ఉన్నాడు. "పిల్ల పెండ్లి ఇంక పన్నెండు దినాలే ఉన్నది, పేర్లన్నీ రాసిచ్చిపోయిన, ఇప్పుడు లేవంటరేంది?" అని గొడవ. లోపల కంప్యూటర్ ముందు కూర్చునే అబ్బాయి తల పట్టుకుని ఉన్నాడు.

"ఏమైంది తమ్ముడూ?" అన్నాను.

"ఏమో మేడం, పొద్దుగాల ఆన్ జేస్తే గిట్ల ఎర్రగ వచ్చింది. నాలుగుసార్లు ఆఫ్ జేసి ఆన్ జేసిన. పోతలేదు."

తెర మీద ఎర్రటి బోర్డు. ఒక తాళంకప్ప బొమ్మ. పక్కన గడియారాలు రెండు వెనక్కి నడుస్తున్నాయి. మీ ఫైళ్లన్నింటికీ తాళం వేశాం, 300 డాలర్లు బిట్‌కాయిన్ల రూపంలో కట్టండి, మూడు రోజులు దాటితే రెట్టింపు, వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోండి అని దాని సారాంశం. 300 డాలర్లంటే అప్పటి లెక్కలో 19 వేల రూపాయల పైమాటే. నా పుస్తకం మొత్తానికి నేను కూడబెట్టింది అంత లేదు. ఆ బెదిరింపు పత్రాన్ని 28 భాషల్లో చదువుకునే వీలు పెట్టారట ఆ దొంగలు. అందులో తెలుగు లేదు, హిందీ కూడా లేదు. దోచుకునేవాడి లెక్కలోకి కూడా మనం రాలేదన్నమాట! దోపిడీ మాత్రం మన దాకా వచ్చింది.

ఆ పురుగు పేరు వన్నాక్రై. ఏడవాలనుందా అని అర్థం. ఆ షాపు బయట బెంచీ మీద కూర్చుని నేను చేసిన పని కూడా అదే.

పేపర్లు చూస్తే ఏడుస్తున్నది నేనొక్కదాన్నే కాదని తెలిసింది. మే 12, శుక్రవారం మొదలైన ఈ దాడి రెండు మూడు రోజుల్లో 150 దేశాలకు పైగా పాకి, రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టుకుంది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్లు కాగితం, కలం పట్టుకోవలసి వచ్చింది. 19 వేలకు పైగా రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని తర్వాత అంచనా వేశారు. మన పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు ఈ తాళం పడింది. మిగతావాటికి అంటకుండా కంప్యూటర్లను ఆపేయమని పోలీసు శాఖ చెప్పవలసి వచ్చింది. దొంగతనం జరిగితే మనం పోలీస్ స్టేషన్‌కు పోతాం. దొంగ స్టేషన్ లోపలికే వస్తే వాళ్లెక్కడికి పోవాలి?

"ఎవడో పిచ్చి మెయిలు తెరిచి ఉంటాడు, అందుకే వచ్చింది" అన్నారు మావారు. నేనూ అదే అనుకున్నాను. అనవసరమైనదేదో నొక్కితేనే వైరస్ వస్తుందని కదా మనందరికీ చెప్పేది. ఆ షాపు అబ్బాయిని మనసులో తిట్టుకున్నాను కూడా. పాపం, అతను ఏమీ నొక్కలేదు. ఈ పురుగు ఎవరూ ఏదీ తెరవకుండానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తనంతట తాను పాకుతుంది.

ఎలాగంటారా? నాకు అర్థమయ్యేదాకా మా తమ్ముణ్ణి వేధించాను. హైదరాబాదులో కంప్యూటర్ల పనే చేస్తాడు. మీకూ వంటింటి లెక్కలోనే చెబుతాను.

కంప్యూటర్ పెట్టెలో మిగతా ప్రోగ్రాములన్నిటికీ చోటిచ్చి, ఎవరి పని వాళ్లతో చేయించే పెద్దది ఒకటుంటుంది. దాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్ అలాంటిదే. ఒకే ఆఫీసులో ఉన్న కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటరు పంచుకోవడానికి విండోస్‌లో ఎస్ఎంబీ అనే ఏర్పాటు ఉంది. గోడకున్న కిటికీలోంచి పక్కింటి వదిన గిన్నె అందుకున్నట్టు. దాని మొదటి రకం 1980ల నాటిది, పాతకాలపు నమ్మకాల మీద కట్టింది. ఆ కిటికీలోంచి వచ్చే సరుకు ఎంత ఉందో కొలిచి, దానికి సరిపడా గిన్నె పెట్టే చోట విండోస్ రాసినవాళ్ల లెక్క తప్పింది. వచ్చేది మానెడు బియ్యం, పెట్టింది సోలెడు గిన్నె. పొంగి పక్క గిన్నెలో పడుతుంది కదా! కంప్యూటర్‌లో పక్క గిన్నె అంటే జ్ఞాపకంలో ఇంకోపనికి కేటాయించిన చోటు. తెలిసినవాడు అక్కడ సరిగ్గా తన ఆజ్ఞలు పడేలా పోస్తాడు. కంప్యూటర్ వాటిని తన యజమాని ఆజ్ఞలే అనుకుని చేసుకుంటూ పోతుంది. పాస్‌వర్డ్ అడగదు, ఎవరు నువ్వు అనదు. ఇలాంటి లోపాన్నే ఇంగ్లీషులో వల్నరబిలిటీ అంటారు. తెలుగులో లొసుగు అందాం.

లొసుగులు ఉండటం వింతేమీ కాదు. మనుషులు రాసిన దానిలో తప్పులుంటాయి. నా కథల్లో అక్షరదోషాలు ఎన్నో ఆ టైపు అబ్బాయికే తెలుసు. నాకు కోపం తెప్పించింది వేరే సంగతి. ఈ లొసుగు అమెరికా ప్రభుత్వ గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏకు ముందే తెలుసు. అందులోంచి దూరే పరికరం కూడా తయారుచేసి, ఎటర్నల్ బ్లూ అని పేరు పెట్టి దాచుకున్నారు. విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌కు చాలాకాలం చెప్పలేదు. చెబితే తలుపు మూసేస్తారు, తాము ఎవరింట్లోకి దూరాలన్నా కుదరదు.

ఇక్కడ మా అమ్మమ్మ మాట చెప్పాలి. పోయిన నాలుగు కథల్లో ఒకటి ఆమెదే. మా ప్రాంతం సాయుధ పోరాటానికి పేరుపడ్డది. ఆ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారు 1978లో, 1983లో మా తుంగతుర్తి నుంచే ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ రోజుల్లో అమ్మమ్మ చిన్నపిల్ల. దళం వాళ్లు అర్ధరాత్రి అన్నానికి వస్తారని వాళ్లమ్మ వెనక దర్వాజకు గొళ్లెం పెట్టేది కాదట. "మనోళ్లకు తెల్సిన తొవ్వ రజాకార్లకు తెల్వదా బిడ్డా? తెరిసిన దర్వాజ ఎవరొస్తరని అడుగుతదా?" అనేది అమ్మమ్మ. ఆ భయంతో వాళ్లమ్మ రాత్రంతా పడుకునేది కాదట, దర్వాజ పక్కనే కూర్చునేది. తలుపు తెరిచిపెట్టిన ఆ తల్లి కాపలా కూడా తానే కాసింది. ఈ గూఢచారులు లోకం మొత్తం మీది వెనక తలుపులకు గొళ్లెం లేదని తెలిసి కూడా ఆ ఇళ్లవాళ్లకు చెప్పలేదు, కాపలా కాయలేదు. పైగా తమ పరికరాన్నే పోగొట్టుకున్నారు. షాడో బ్రోకర్స్ అని పేరు పెట్టుకున్న ఒక ముఠా దాన్ని సంపాదించి, 2017 ఏప్రిల్ 14న లోకం ముందు పారబోసింది. నెల తిరక్కుండానే అది వన్నాక్రై చేతిలో పడింది. అమెరికా సైన్యం దగ్గర్నుంచి క్షిపణులు దొంగలు ఎత్తుకుపోవడం లాంటిదే ఇది అని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ అప్పుడే బాహాటంగా రాశారు. పురుగును వదిలింది ఉత్తర కొరియా అని ఆ ఏడాది డిసెంబర్‌లో అమెరికా ప్రకటించింది. ఆయుధం ఎవరింట్లో తయారైందో మాత్రం పెద్దగా మాట్లాడలేదు.

మరి గొళ్లెం బిగించే మందు లేదా? ఉంది. అదే అసలు బాధ. ఈ లొసుగు పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే విడుదల చేసింది. దాడికి దాదాపు రెండు నెలల ముందు! ప్రతి నెలా రెండో మంగళవారం వాళ్లు ఇలాంటి సవరణలు ఇస్తారు. మంగళవారం కొత్త పనులు మొదలుపెట్టొద్దని మన పెద్దలంటారు గానీ ఈ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వొచ్చు. అప్‌డేట్ అని కంప్యూటర్ మూలన చిన్న గంట కొట్టేది ఇందుకే. అది వేసుకున్నవాళ్లకు మే 12న ఏమీ కాలేదు.

అయితే ఆ షాపులో ఎందుకు వేసుకోలేదు? బద్ధకమా? నేనదే అడిగాను. ఆ అబ్బాయి చెప్పిన జవాబు నేను ఇప్పటికీ మరచిపోలేను.

"అప్‌డేట్ జేస్తే అను పోతది మేడం."

తెలుగు టైపు తెలిసినవాళ్లకు ఈ మాట చాలు. తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. మన శుభలేఖలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు, ఊళ్లో ఫ్లెక్సీలు, నాలాంటివాళ్ల పుస్తకాలు ఏళ్ల తరబడి తయారైంది పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో, అను ఫాంట్లతో. పేజ్‌మేకర్ ఆఖరి రకం 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ కంపెనీ దాన్ని వదిలేసింది. మన డీటీపీ వాళ్లు వదల్లేదు. వదిలితే పాత ఫైళ్లు తెరుచుకోవు, వేళ్లకు అలవాటైన కీబోర్డు మారిపోతుంది, ఒత్తులు ఎక్కడికో ఎగిరిపోతాయి. కొత్త విండోస్ వేస్తే ఇవన్నీ మొరాయిస్తాయని భయం. అందుకని పాత విండోస్‌నే పూజించుకుంటూ, అప్‌డేట్లు పూర్తిగా ఆపేసి నడుపుతారు. ఇంకో రహస్యం కూడా ఉంది. చాలా చోట్ల ఆ విండోస్ కొన్నది కాదు, ఎవరో కాపీ చేసి ఇచ్చింది. అప్‌డేట్ వేస్తే ఇది అసలైనది కాదు అని తెర నల్లబడుతుంది. కార్డుకు ఇన్ని రూపాయలని బతికే షాపువాడు వేలు పోసి అసలుది ఎప్పుడు కొంటాడు?

తప్పు తప్పే, నేను వెనకేసుకు రావడం లేదు. కాని పేపర్లలో, టీవీల్లో పెద్దవాళ్లంతా 'అప్‌డేట్ చేసుకోని అజాగ్రత్తపరులు' అని తేల్చిపారేస్తుంటే నాకు మనసొప్పలేదు. మన భాషలో ఒక పెళ్లి కార్డు అచ్చు వేయడానికే ఆ అబ్బాయి తన తలుపు తెరిచిపెట్టుకోవలసి వచ్చింది. ఈ మాట ఏ నివేదికలోనూ నాకు కనబడలేదు.

దాడి ఆగిన తీరు మాత్రం కథలు రాసేదాన్ని కాబట్టి నాకు భలే నచ్చింది. ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల కుర్రాడు, తల్లి ఒక నర్సు, అమ్మానాన్నల ఇంట్లో తన గదిలో కూర్చుని ఆ పురుగును విప్పి చూశాడు. ఎవరికీ అర్థంకాని అక్షరాలతో ఉన్న ఒక ఇంటర్నెట్ చిరునామాను అది పదేపదే వెతుకుతోంది. ఆ చిరునామా ఎవరి పేరునా లేదు. పది డాలర్ల చిల్లర కట్టి తన పేరున రాయించుకున్నాడు. అంతే! చిరునామా పలకగానే పురుగు కొత్త కంప్యూటర్లకు తాళం వేయడం ఆపేసింది. అలా ఆగుతుందని చేసేటప్పుడు అతనికీ తెలియదు. ఆ ఆగస్టులోనే అతణ్ణి అమెరికాలో అరెస్టు చేశారు. అంతకుముందెప్పుడో చిన్నతనంలో బ్యాంకు ఖాతాలు దొంగిలించే ప్రోగ్రాము రాశాడట. 2019లో జడ్జి అతను చేసిన మంచిని కూడా లెక్కలోకి తీసుకుని, మళ్లీ జైలుకు పంపకుండా వదిలేశారు. ఇలాంటి పాత్రను నేను కల్పిస్తే సంపాదకులు నమ్మరు.

ఇక తాళం పడినవాళ్ల సంగతి. డబ్బు కడితే ఫైళ్లు వస్తాయా అని శుభలేఖల పెద్దాయన కూడా అడిగాడు. ఎవరు కట్టారో గుర్తుపట్టే ఏర్పాటే ఆ దొంగలు సరిగా పెట్టుకోలేదని నిపుణులు తేల్చారు. కట్టినా ఫైళ్లు వస్తాయన్న భరోసా లేదు. మేం కట్టలేదు. పెద్దాయన పేర్లన్నీ మళ్లీ చెప్పి రాయించుకుని, వేరే షాపులో కార్డులు వేయించుకున్నాడు. ఆయన కూతురి పెళ్లికి పేర్లన్నీ ఆయన నోట ఉన్నాయి. నా కథలు నా నోట లేవు.

ఇంకో వారం తర్వాత మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఫ్రాన్సులో ఆడ్రియన్ గినే అనే ఆయన ఒక దారి కనిపెట్టాడట. తాళం వేసే వేళ దాని తాళంచెవి గుర్తులు కొన్ని కంప్యూటర్ జ్ఞాపకంలో మిగిలిపోతాయి, పాత విండోస్ వాటిని వెంటనే తుడిచేయదు, వాటిని ఏరుకుని తాళం తీయొచ్చు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఒక్కటే షరతక్కా, తాళం పడ్డాక కంప్యూటర్ ఆఫ్ చేసి ఉండకూడదు" అన్నాడు.

నాలుగుసార్లు ఆఫ్ జేసి ఆన్ జేసిన అన్న మాట నా చెవిలో మోగింది. నేనైనా అదే చేసేదాన్ని. మిక్సీ ఆగినా, టీవీ ఆగినా మనందరి మొదటి వైద్యం అదే కదా!

ఇంతకాలం తర్వాత ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య మా ఇంట్లోనే అదే గంట మళ్లీ మోగింది. మా అబ్బాయి ఇంటర్‌కు వచ్చాడు. వాడికి వాడేసిన కంప్యూటర్ ఒకటి కొనిచ్చాం. విండోస్ 10ది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సవరణలు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా గడువిచ్చింది. కొత్త విండోస్ 11కు మా పెట్టె పాతదైపోయింది, ఎక్కదట. పెట్టె బాగానే ఉంది, పని బాగానే చేస్తోంది, పారేయమంటే ఎలా? కంపెనీ మీద ఒళ్లు మండింది. అయినా ఆ సాయంత్రమే వాణ్ణి కూర్చోబెట్టి గడువుకు నమోదు చేయించాను. ఆ పాత ఎస్ఎంబీ కిటికీ కూడా మూసి ఉందో లేదో చూడమన్నాను. "నీకివన్నీ ఎట్ల తెలుసమ్మా?" అని వాడు నోరు తెరిచాడు. బాగుంది నాకు!

మీ ఇంట్లో కంప్యూటర్ లేకపోవచ్చు, ఫోను ఉంటుంది. అందులోనూ ఇదే కథ. అప్‌డేట్ అని వస్తే మనం 'తర్వాత' అని నొక్కుతాం. నేనూ నొక్కేదాన్ని, పొయ్యి మీద కూర మాడుతుంటే ఎవరు చూస్తారు! ఇప్పుడు రాత్రి గొళ్లేలు చూసే వేళకు ఫోను చార్జింగ్‌కు పెట్టి, అప్‌డేట్ కూడా వేసి పడుకుంటున్నాను. ఒక్కటి మాత్రం మరువకండి. అప్‌డేట్ ఫోను సెట్టింగ్స్‌లోంచే రావాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు, బ్యాంకు పేరుతో వచ్చిన ఫైలు నొక్కితే గొళ్లెం పెట్టినట్టు కాదు, తీసినట్టు. పిల్లల ఫొటోలు, సంఘం లెక్కలు వేరే డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇంకో కాపీ ఉంచుకోండి. కాపీ అయిపోయాక దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి. గుచ్చి వదిలేస్తే దానికీ తాళం పడుతుంది.

పోయిన నాలుగింటిలో మూడు కథలు మెల్లగా మళ్లీ రాసుకున్నాను. అమ్మమ్మది మాత్రం సగంలోనే ఆగింది. దర్వాజ పక్కన కూర్చున్న రాత్రుల్లో వాళ్లమ్మ నిద్ర పట్టకుండా పాడుకున్న పాట ఒకటి ఆ కథలో పెట్టాను. అమ్మమ్మ చెబుతుంటే తిన్నగా కాగితం మీదికే రాసుకున్నది. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. రెండు చరణాలు వస్తున్నాయి, మూడోది రావడం లేదు.

పోయిన నెల ఆ డీటీపీ షాపుకే మళ్లీ వెళ్లాను. ఆ అబ్బాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, షాపు అతనిదే. బల్ల మీద రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి కొత్తది. ఇంకోటి అదే పాతది, వెనక నెట్ వైరు పీకేసి ఉంది.

"దీనికి అను ఉన్నది మేడం, దానికి నెట్ ఉన్నది. దీన్ని దానితోని కలపను" అన్నాడు.

"మరి ఫైలు ఇటునుంచి అటు ఎట్ల పోతది?"

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించి నవ్వాడు. నేను నవ్వలేదు. పది కథలు అతని చేతిలో పెట్టాను. జిరాక్స్ కాపీలు. చేతిరాత కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి.